సీటుకు దొరకని గ్రంథి

ఆ రోజుల్లో బస్సు డ్రైవర్లకు సీటే డాక్టరు. సోమవారం పొద్దున కూర్చోగానే ఒళ్ళంతా పరీక్షించి, ఫలితం స్పీకర్లో చదివి వినిపిస్తేగానీ ఇంజను కదలదు.

నర్సీపట్నం బస్సు నడిపే నూకరాజుకు వారంగా మూత్రం పోస్తుంటే మంట, పొత్తికడుపు కింద పోటు. వేడి చేసిందిలే అని సబ్జా నీళ్ళు తాగి ఊరుకున్నాడు. అనకాపల్లి దాకా మూత్రం బిగబట్టడమే మగతనమని ఇరవయ్యేళ్ళుగా కోతలు కోసినవాడు మరి. ఇప్పుడా సంగతి బస్సంతా వింటే తలెక్కడ పెట్టుకుంటాడు? అందుకే అతనికో గొప్ప ఆలోచన తట్టింది.

"పైడితల్లీ, ఓపాలి నా సీట్లో కూకోమ్మా. ఎందుకని అడక్కు," అన్నాడు కండక్టరుతో.

"నీకేటైందన్నా?" అంటూనే ఆమె కూర్చుంది.

"నూకరాజుగారూ, బీపీ బాగుంది. ప్రోస్టేటు గ్రంథికి వాపు లేదు," అంది సీటు. నూకరాజు మీసం దువ్వుకున్నాడు. సీటు మరోసారి వెతికింది. "అసలు ప్రోస్టేటే కనబడడం లేదు. అంబులెన్సును పిలిచాను."

నలభై మంది ప్రయాణికులు తలలెత్తారు. ముందు సీట్లోని ముసలమ్మ జాలిగా చూసింది. "అయ్యో, ఎక్కడ పోగొట్టుకున్నావు నాయనా?"

ఇంతకంటే పోయే పరువేముందని నూకరాజు ఒప్పేసుకున్నాడు. "ఎక్కడికీ పోలేదమ్మా. నా దగ్గరే ఉంది. వాచి మరీ ఉంది."

అంబులెన్సు వచ్చింది. నూకరాజు తల వంచుకుని ఎక్కాడు. అతని వెనకే, ఎవరూ పిలవకుండానే, బస్సులోంచి మరో ముగ్గురు మగాళ్ళు దిగి ఎక్కారు.