కదలని వంతెన

కళింగపట్నం దగ్గర గెడ్డ నీళ్ల మీది వేలాడే వంతెన, మనిషి నడిస్తే చాలు, పక్కలకి ఊగుతుంది. ఎల్లాజీ ఎడమకాలు వేసినప్పుడు వెనకాల పెళ్లాం గురమ్మ కుడికాలు వేసేది. ఆ ఊపుకి ఈ ఊపు సరిపోయి వంతెన కదిలేది కాదు. ఎల్లాజీ ఊరుకుంటాడా? నడిమధ్యలో కావాలని కాలు మార్చేవాడు.

"సచ్చినోడా, సేపల గంప పడిపోతాది!" అని గురమ్మ గెడ్డంతా వినబడేలా తిట్టేది. ఆ తిట్టు కోసమే అతని కోతిపని.

గురమ్మ పోయి ఏడాదైంది. ఒంటరిగా దాటిన ప్రతి రాత్రీ వంతెన ఊగుతూనే ఉంది.

ఈ రాత్రి ఊగలేదు.

సగం దాటాక అది తెలిసింది. వెనక్కి చూస్తే పోతుందేమోనని చూడలేదు.

"ఒసే గురమ్మా, నువ్వేనేటి?"

నవ్వు ఆపుకుంటూ, పాత అలవాటుగా టక్కున కాలు మార్చాడు. వంతెన ఒక్కసారి విసురుగా ఊగింది. వెనకాల ఎవరో కూడా కాలు మార్చారు. వంతెన మళ్లీ కుదురుకుంది.

తిట్టు కోసం ఎల్లాజీ ఆగి, చెవులు రిక్కించాడు. కింద నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

గురమ్మైతే నోరు మూసుకునే మనిషి కాదు.

అతను అడుగు తీయకుండా నిలబడే ఉన్నాడు. వంతెన మాత్రం, ఒక్క మనిషి నడిచినప్పటిలాగే, మెల్లగా పక్కలకి ఊగడం మొదలుపెట్టింది.