ఎనభై దగ్గర తీసిన ప్లగ్గు

ఫోన్ ఎనభై శాతం చూపించగానే భార్య చటుక్కున ప్లగ్గు తీసేసింది. ఇలా చేయడం అతను చూడటం ఇది మూడోసారి. మొదటిసారి పొరపాటనుకున్నాడు. రెండోసారి వింతగా అనిపించింది. ఈసారి తాగుతున్న కాఫీ చేదెక్కింది.

పన్నెండేళ్ల కాపురంలో ఈ ఒక్క సంగతి చెప్పీ చెప్పీ అతని నోరు అరిగిపోయింది. వంద దాకా నింపి, ఆపైన గంటల తరబడి ప్లగ్గుకే వదిలేస్తే బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుందన్నాడు. ఇరవైకీ ఎనభైకీ మధ్య తిప్పుకుంటే నాలుగు కాలాలపాటు ఉంటుందన్నాడు. ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. అలా రెండు ఫోన్లు పొట్టలుబ్బి మూలపడ్డాయి.

మరి ఇప్పుడు ఎవరు చెబితే విన్నట్టు?

అనుమానం పురుగులా తొలచడం మొదలుపెట్టింది. కూరగాయలు తరుగుతూ మధ్యలో ఫోన్ చూసి నవ్వుకుంటోంది. ఏదో టైపు చేస్తోంది. అతను గుమ్మంలోకి రాగానే ఫోన్ బోర్లా పెట్టేస్తోంది.

ఆదివారం బీరువాలో సాక్సులు వెతుకుతుంటే ఎవరూ వాడని పాత ట్యాబ్ చేతికి తగిలింది. ఆన్ చేశాడు. సరిగ్గా యాభై శాతం. వాడని వస్తువును సగం చార్జింగుతో ఆపేసి దాచాలన్న కిటుకు అతను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. సందేహం లేదు, మూడో మనిషి ఉన్నాడు.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లైనా విప్పకుండా ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. ఆవిడ లేని ఇంటిని ఊహించుకోవడం అతని వల్ల కాలేదు.

"ఎవరతను?" అన్నాడు.

ఆవిడ తడబడలేదు. బఠానీలు ఒలుస్తూనే జవాబు చెప్పింది.

"పేరు తెలీదండీ. నా పేరూ ఆయనకి తెలీదు. ఫోన్లో సందేహాలు అడిగేచోట ఒకటి రాస్తే జవాబిచ్చాడు. అక్కణ్నుంచి అడుగుతూనే ఉన్నాను."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే, నీ బుర్రకెక్కదులే అంటారు. ఆయన్ని ఒకటే ప్రశ్న నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పాడు. ఆయనింట్లో ఆడవాళ్లు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను."

అతనికి ఒళ్లు మండిపోయింది. ఆ ఓపికమంతుడు ఏం వెలగబెట్టాడో చూపించమన్నాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ అందించింది.

'ఎన్నిసార్లయినా అడగండి మేడమ్, చెప్పడానికేగా నేనున్నది' అని ఉంది.

అడిగేవాళ్ల పేర్లు కనిపించని తన ఆఫీసు కంప్యూటర్లో, ఆవిడ ఫోన్ తయారుచేసిన కంపెనీ తరఫున, ఆ ముక్కని ఆ మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ టైపు చేసింది అతనే.