పద్నాలుగు డబ్బాలు

"ఎవురి కడుపులో ఆ క్రిమి ఉంటే వాళ్లు మళ్లీ ఈ వార్డులో కాలు పెట్టగూడదు. పని బంద్!"

సూపర్‌వైజర్ చెన్నకేశవ చెప్పింది వార్డులో అందరికీ. చూసింది మాత్రం ఆయా గురమ్మ వైపే.

ప్రొద్దుటూరులోని ఆ ఆసుపత్రిలో గురమ్మ పన్నెండేళ్లుగా బెడ్‌ప్యాన్లు ఎత్తుతోంది. పాత ఎమ్మెల్యే సిఫార్సు చీటీతో వచ్చిన మనిషి. మొన్న ఎన్నికల్లో ఆ పార్టీ ఓడింది. గెలిచిన పార్టీ చీటీతో చెన్నకేశవ దిగాడు. గురమ్మను తీసేసి, ఆ చోట్లో తన పిన్నమ్మ కూతుర్ని పెట్టుకోవాలని అతని ఆశ. సాకే దొరకలేదు.

ఇప్పుడు దొరికింది. జమ్మలమడుగు దగ్గర కొట్లాటలో వేటకొడవలి దెబ్బలు తిన్న రెండు వర్గాల వాళ్లూ ఆ వార్డులోనే పడ్డారు. ఏ వర్గం గాయమూ ఏ మందుకూ మానడం లేదు. మందులకు లొంగని క్రిమి ఒకటి తిరుగుతోందని డాక్టర్ ఆదినారాయణ తేల్చాడు. అది మనిషి పేగుల్లో చప్పుడు చేయకుండా కూర్చుంటుందట. మోసేవాడికి జ్వరమైనా రాదు. చేతుల మీదుగా పక్కవాడికి పాకుతుంది. అందుకే వార్డులో పనిచేసే పద్నాలుగు మందికీ మలపరీక్ష. తలా ఒక డబ్బా, దాని మీద పేరు.

"నాక్కూడానా సార్?" అన్నాడు చెన్నకేశవ.

"నువ్వు తిరిగేది ఈ వార్డులోనే కదా?"

డాక్టరు చెప్పింది అంతవరకే. పని బంద్ అన్నది మాత్రం చెన్నకేశవ సొంత కవిత్వం.

"పన్నెండేండ్లు గలీజు ఎత్తినావు. నీ కడుపులో లేకుంటే ఇంక యాడుంటాది మ్మే? గుడ్డలు సర్దుకో."

గురమ్మకూ ఆ అనుమానం ఉంది. ఇంట్లో మంచాన పడ్డ మొగుడున్నాడు. ఈ జీతం పోతే ఇద్దరికీ పస్తే. అయినా తల దించలేదు.

"గ్లౌజులు ఇయ్యప్పా అని మూడు నెల్లుగా అడుగుతాండా. స్టాకు ల్యాదంటివి. ఉత్త చేతుల్తో ఎత్తినందుకు బహుమానమా ఇది? నన్ను తియ్యాలంటే ఆ కాయితం నా మొకానికి సూపించి తియ్యి. అంతదాంకా ఈ గడప దాటేది ల్యా."

"సూపిస్తాలే."

మర్నాడు గురమ్మ పద్నాలుగు డబ్బాలూ ట్రేలో పేర్చి, పైన గుడ్డ కప్పి ల్యాబుకు మోసుకుపోయింది. ఆ వార్డులో అలాంటి పనేదైనా ఆమెదే.

ఐదో రోజు ఫలితాలొచ్చాయి. చెన్నకేశవ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పిన్నమ్మ కూతురి దరఖాస్తు జేబులో పెట్టుకుని వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు.

ఆదినారాయణ కాగితం చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"గురమ్మకు ఉంది."

"నేను సెప్పలా!" అన్నాడు చెన్నకేశవ.

"హెడ్ నర్సు యశోదమ్మకూ ఉంది. నీకూ ఉంది. పద్నాలుగు మందికీ ఉందయ్యా! అందరిలోనూ అదే క్రిమి, వెంట్రుకవాసి తేడా లేదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. మళ్లీ పరీక్ష చేయిద్దామా?"

"వద్దు సార్!" పదమూడు గొంతులు ఒక్కసారే లేచాయి.

గురమ్మ కొంగు బిగించి చెన్నకేశవ ముందుకొచ్చి నిలబడింది.

"ఏమప్పా, ఎవురి కడుపులో ఉంటే వాళ్లు కాలు పెట్టగూడదంటివే. పద, పోదాం. ముందు నువ్వు నడువు."

చెన్నకేశవ జేబులోని దరఖాస్తును ఇంకా లోపలికి తోసుకున్నాడు.

పద్నాలుగు మందినీ పంపేస్తే వార్డుకు తాళమే. కాబట్టి ఎవరినీ పంపలేదు. స్టాకు లేదన్న గదిలోంచే ఆ మధ్యాహ్నమే సబ్బులూ గ్లౌజులూ పెట్టెలకొద్దీ బయటికొచ్చాయి. గురమ్మ తీరిగ్గా సైజు చూసుకుని ఒక జత తొడుక్కుంది.

పరీక్ష రోజు పొద్దున ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, "నా దాంట్లో ఎవురన్నా పసిబిడ్డది నింపి పెట్టు గురమ్మా" అని ఖాళీ డబ్బా చేతిలో పెట్టిపోయిన పదమూడు మందికీ, అందరికంటే ముందొచ్చిన చెన్నకేశవతో సహా, ఆమె నింపిపెట్టింది తనదే.