మూత లేని బొరియ

సముద్రపొడ్డున ఒక ఇసుక పీత ఉండేది. రాత్రి చూసిన చుక్కల్ని మరిచిపోకముందే, పగలు ఇసుక ఉండలతో ఒడ్డు మీద పేర్చేది. ఒక రోజు ఆ ఇసుక ఆకాశం పూర్తికావస్తుండగా నీటి హోరు మొదలైంది.

"ఒసేయ్, పోటొస్తోందే! లోపలికెళ్లి మూతేసుకో!" అని పక్క బొరియలోని ముసలి పీత కేకేసింది. పోటుకి ముందు ప్రతి పీతా బొరియ నోటికి పెద్ద ఉండ ఒకటి అడ్డం పెట్టుకోవాలి. లేదంటే కొట్టుకుపోవడమే.

"వేగుచుక్క ఒక్కటే మిగిలింది, అత్తా!"

అప్పటికే ఇసుక తడిసి జారిపోతోంది. ఎంత చుట్టినా ఉండ నిలవడం లేదు. పీత తన మూతనే దొర్లించుకెళ్లి వేగుచుక్క చోట పెట్టింది.

అల మీద పడబోయేంతలో ముసలి పీత దాని కాలు పట్టుకుని తన బొరియలోకి లాగి, మూత బిగించింది. పైన నీళ్లు హోరెత్తాయి.

"అంతా తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది, అత్తా."

"పైన ఆకాశంలో చుక్కలు కూడా రోజూ తెల్లారేసరికి తుడిచిపెట్టుకుపోతున్నాయి కదే. మళ్లీ రాత్రికల్లా ఎవరో పేరుస్తూనే ఉన్నారు," అంది ముసలి పీత. "పాపం, వాళ్లని కాలు పట్టి లోపలికి లాగేవాళ్లు ఉన్నారో లేరో!"