షట్టర్ వేగం

"పడిందా ఫొటోలో?" అన్న పళ్లు కొరుకుతూ అడిగాడు.

బావ కెమెరా వెనక తెర చూపించాడు. స్టేజి మీద ఎర్ర లైట్లో, నాటకంలోని విలన్ చెయ్యి చెల్లెలి చెంపకు అంటుకుపోయి ఉంది.

"మసగ్గా ఉందేంటి?"

"ఈ గుడ్డి వెలుతుర్లో షట్టర్ నిదానంగా పడితేనే మొహం కనపడుతుంది. నా పెళ్లాం చెంప ఎందుకు కమిలిపోతోందో తెలిసిందా ఇప్పుడు? నటన పేరు చెప్పి నిజంగానే వాయిస్తున్నాడు వెధవ!"

అన్న రిహార్సల్ అయ్యేదాకా ఆగితేనా! ఒక్క గెంతులో స్టేజి ఎక్కి విలన్ ముక్కు మీద గుద్దాడు. ఎముక ఫట్‌మంది. పెట్టుడు మీసం ఊడి నెత్తుట్లో పడింది. మెడ పట్టుకుని తలను చెక్కల మీద బాదాడు.

"ఆడపిల్ల మీద చెయ్యెత్తుతావురా? నిన్ను చంపి జైలుకు పోతా!"

"నేను... తాకలేదండీ..."

"ఫొటో అబద్ధమాడుతుందా?"

గొంతు మీద మోకాలు మోపాడు. విలన్ కళ్లు తేలేశాడు.

"అన్నయ్యా, చచ్చిపోతాడు, వదులు!"

చెల్లెలు జుట్టు పట్టి లాగినా వదల్లేదు. మణికట్టు కసుక్కున కొరికితే గానీ లేవలేదు మహానుభావుడు.

ఆమె గబగబా కిందికి దిగి బావ మెడలోంచి కెమెరా లాక్కుంది. షట్టర్ వేగం బాగా పెంచి, తక్కువ వెలుతుర్లోనూ బొమ్మ పడేలా ఐఎస్ఓ చివరిదాకా తిప్పింది.

"పిచ్చా నీకు? అంతా గింజలు గింజలుగా పడుతుంది," అన్నాడు బావ.

"పడనీ." కెమెరా తెచ్చి అన్న చేతిలో పెట్టింది. "నువ్వే తియ్యి. వదలకుండా నొక్కుతూనే ఉండు." విలన్‌ని లేపి నిలబెట్టింది. "బాబ్బాబు, ఇందాకటిలాగే ఒక్కసారి."

విలన్ నెత్తురు తుడుచుకుని చెయ్యి విసిరాడు. ఛెళ్లుమంది. ఆమె మొహం పక్కకు తిరిగింది.

అన్న తెరలో చూశాడు. గింజలున్నా బొమ్మ కదల్లేదు. చేతికీ చెంపకీ మధ్య జానెడు ఖాళీ. కింద, ఆమె అరచేతులు రెండూ చప్పట్లో కలిసి ఉన్నాయి.

"ఆ చప్పుడు నాదే అన్నయ్యా. షట్టర్ నిదానమైతే, విసిరిన చెయ్యి సాగి చెంప మీదిదాకా వచ్చినట్టు పడుతుంది."

అన్న కెమెరా కిందికి దించాడు. ఎంత ఘోరం చేశాను, అనుకున్నాడు. విలన్ మొహం చూడలేక చెల్లెలి వైపు తిరిగాడు.

"మరి నీ చెంప మీద ఆ వేళ్లు ఎవరివే?"

"మా ఆయనవి."