అర్జునరావు ఆడే ఆట

"సూటిగా చెప్పు. ఆ కుర్రవాడు ఇక్కడ రోజుకు ఎంత పోగొడతాడు?"

గురునాథరావుగారు చేతికర్రను నేలకు ఆన్చి నిలదీశారు. పోర్టులో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు గాని, ఆయన గొంతు మాత్రం ఇంకా విరమించలేదు. జగదాంబ కూడలి వెనుక సందులో వీడియో ఆటల దుకాణం నడుపుతున్న జగ్గారావు అసంకల్పితంగా లేచి నిలబడ్డాడు.

"ఏ కుర్రోడండి?"

"అర్జునరావు. ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. రేపు మా అమ్మాయి గౌరీశ్వరికీ అతనికీ తాంబూలాలు పుచ్చుకోవలసి ఉంది. సాయంత్రమైతే చాలు, ఇక్కడ యంత్రంలో నాణేలు వేస్తూ నిలబడతాడని నిన్ననే నా చెవిన పడింది. జూదరికి పిల్లనివ్వను. నువ్వు అవునంటే, ఇటునుంచి ఇటే వారింటికి వెళ్లి సంబంధం వద్దని చెప్పి వస్తాను."

ఈ సంగతి ఆయన ఇంట్లో భార్య కాంతంతోనైనా అనలేదు. మాట ఖాయం చేసుకొనే ముందు కుర్రవాడు మసలే చోటికి స్వయంగా వెళ్లి ఆరా తీయడం ఆడపిల్ల తండ్రి విధి అని ఆయన సిద్ధాంతం.

"జూదమేటండి బాబూ!" అన్నాడు జగ్గారావు నొచ్చుకుంటూ. "ఇందుల గెలిసేదీ నేదు, పోయేదీ నేదు. నాణెం ఆటకి కిరాయి. అంతే."

"ఏమీ రాని ఆటను చదువుకున్నవాడు ఎందుకు ఆడతాడయ్యా?"

యంత్రం ముందు నిలబడ్డ జాలరిపేట తాతబాబు తెరమీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "తెల్లారగట్ల సముద్రం మీంచి వొచ్చినోడిని, తొంగోకుండా నానెందుకు ఆడతన్నాను? నోటితో సెపితే తెలీదు పెద్దాయనా. ఓపాలి ఆడి సూడండి. బావా, ఈరికి ఓ ఆట ఎయ్యి!"

"నేనా?" అన్నారు గురునాథరావుగారు. అయితే, పరిశీలించకుండా తీర్పు చెప్పడం ఆయన ఉద్యోగకాలంలో ఏనాడూ లేదు. తాతబాబు తన ఆట ముగించి పక్కకు జరగగానే కళ్లజోడు సవరించుకొని ముందుకు నడిచారు.

పెట్టె నెత్తిన ఇంగ్లీషులో 'స్పేస్ ఇన్వేడర్స్' అని ఉంది. నల్లని తెరమీద వింత ఆకారాలు బారులు తీరి, అడుగులో అడుగు వేస్తూ పక్కకు నడుస్తున్నాయి. అంచు తాకగానే ఒక మెట్టు కిందికి దిగి, మళ్లీ వెనక్కు నడుస్తున్నాయి. వాటి నడకకు తాళం వేస్తున్నట్టు లోపలినుంచి గుండె చప్పుడువంటి మోత. కింద, కాసిని గోడల చాటున, ఒంటరి ఫిరంగి.

చేతికర్ర ఎక్కడ ఆన్చాలో చూసుకొనేలోగా ఆ ఫిరంగి కాస్తా పేలిపోయింది.

"ఓలమ్మా! అలగ నిలబడిపోతే ఎలగండీ? గోడ సాటుకి జరగండి!" అన్నాడు తాతబాబు.

"నాకు సలహాలు అక్కరలేదు."

"సలహా కాదండి, బాంబు! ఎడంపక్క!"

ఆయన ఎడమకు జరిగారు. బతికారు. గురి చూసి ఒకదాన్ని కొట్టారు. తర్వాత మరొకటి. చేతికర్ర జారి కిందపడినా వంగి తీసుకోలేదు. బారులు పలచబడుతున్నాయి. కాని మోత వేగం పుంజుకొంది.

"ఇదేమిటి? వాటి సంఖ్య తగ్గినకొద్దీ నడక పెరుగుతోంది!"

"అదేనండి దీని గొప్ప!" అన్నాడు జగ్గారావు. "సానామట్టుకు సంపీసేం గదా అని సంబరపడిపోతే అక్కడే దెబ్బ తినేస్తాం."

చివరికి ఒక్కటే మిగిలింది. పిచ్చెక్కినట్టు తెర ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తింది. గురునాథరావుగారి గుళ్లన్నీ దాని వెనుకనే పోయాయి. అది నేల తాకింది. ఆట ముగిసింది.

ఆయన కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకొన్నారు. శత్రువు బలం తగ్గుతూ ఉంటే ప్రమాదం పెరగడం! గెలుపు చేతికి అందబోయే వేళనే మనిషి నిబ్బరాన్ని పరీక్షించడం! ఇంగ్లీషు దొరల కింద కొలువు మొదలుపెట్టిన నాటినుంచి తాను చదివిన చదువులలో ఎక్కడా ఈ పాఠం ఇంత క్లుప్తంగా చెప్పినవారు లేరనిపించింది.

"ఈ ఆటను సృష్టించిందెవరయ్యా?"

"జపానోళ్లంటండి."

"మహానుభావులు. వంద సంవత్సరాలు నిలుస్తుంది. ఇంకొక ఆట వెయ్యి."

రెండో ఆటా పోయింది. ఆ తర్వాతదీ పోయింది.

"మరి అర్జునరావు ఎలా ఆడతాడు?"

"డూటీ దిగొచ్చి ఓ ఆట ఆడతారండి. ఓడిపోయినా పెట్టిని గుద్దరు, ఎవుల్నీ తిట్టరు. పక్కోడికి సోటిచ్చీసి నవ్వుకుంటా యెల్లిపోతారు."

గురునాథరావుగారు తలపంకించారు. ఈ భూతాల ముందు చేయి వణకకుండా నిలబడి, ఓడినా నవ్వగలిగినవాడు సంసారమూ నిబ్బరంగానే ఈదుతాడు. రేపటి తాంబూలాలు రేపే. నిశ్చయం కాగానే ఆయనలో మామగారి గర్వం తల ఎత్తింది.

"తెర నెత్తిన కనిపిస్తున్న ఆ పెద్ద అంకె మా అర్జునరావుదేనా?"

తాతబాబు ఫక్కున నవ్వాడు. జగ్గారావు తల గోక్కున్నాడు.

"కాదండి. అర్జునరావు బాబెంత గింజుకున్నా రెండోవోరే. ఆ అంకె ఇంకొకరిది. ఆరూ మీనాగే ఆ బాబు గురించి ఆరా తియ్యడానికే వొచ్చేరండి. సరదాకి ఓ ఆట ఆడేరు. అంతే! ఆ రోజునించి మద్దేనమైతే సాలు, ఇక్కడే. కరెంటు పోతే అంకె సెరిగిపోతాది గదండీ, మర్నాడే వొచ్చి అంతకంటే ఎక్కువ కొట్టీసి పోతారు."

"భేష్! ఎవరాయన? ఒకసారి కలిసి చేయి కలపాలి."

జగ్గారావు జవాబిచ్చేలోగా గుమ్మానికి వేలాడే పరదా తొలగింది. పూజ బుట్ట చంకన పెట్టుకొని, ఎండలోంచి చీకటిలోకి వచ్చినందున కళ్లు చికిలిస్తూ, భర్తను గమనించని కాంతం గడపలోంచే కేక వేసింది.

"ఏం జగ్గారావూ, మా కాబోయే అల్లుడు గాని నా స్కోరు దాటేశాడేటి?"