ఐదో గొంతు

"దీని మైకు పలకడం లేదు బాబూ. కాస్త తొందరగా కావాలి."

కౌంటరు మీద కొత్త హెడ్‌సెట్ పెట్టి, పక్కనే బోర్సోకుల పొట్లం, వేయించిన పిండి ముక్కలవి, విప్పిందావిడ. నూనెలోంచి తీసి ఎంతోసేపు కాలేదు, ఇంకా వేడిగానే ఉన్నాయి.

ఎల్దియార్ తలెత్తలేదు.

తొక్మోక్ ఊళ్లో బస్టాండు పక్కన, నేలమాళిగలో ఉన్న ఆ గేముల క్లబ్బుకు పగటిపూట అతనే దిక్కు. ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం అతని మనసు క్లబ్బులో లేదు. శనివారం పోటీ. గెలిస్తే అతని జట్టును అల్మాతీ నగరానికి తీసుకెళ్లి, ఏడాదిపాటు జీతమిచ్చి ఆడించుకుంటారు. ఓడితే అన్న వెనకాలే మాస్కో వెళ్లి ఇటుకలు మోయాలి. తండ్రికి ఆ మేరకు మాట ఇచ్చేశాడు.

జట్టులో ఐదుగురు. నలుగురితో పేచీ లేదు. ఐదోవాడు తాష్‌బాకా.

తాష్‌బాకా అంటే తాబేలు. ఆటలో వాడు పెట్టుకున్న పేరది. అసలు పేరేమిటో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. రెండేళ్లుగా టైపు చేయడమే తప్ప నోరు విప్పిందే లేదు. కానీ ఆటలో ఎవడి ప్రాణం మీదికి వచ్చినా, వెనకనుంచి వచ్చి బతికించేది వాడే.

ఈసారి ఐదుగురి గొంతులూ రెఫరీలకు వినపడాలని నిబంధన పెట్టారు. ఆదివారమే ఎల్దియార్ వాడికి రాసి పడేశాడు. మంగళవారం సాయంత్రం ఆరింటికల్లా మైకు పెట్టు, లేదా తప్పుకో, ఇంకెన్నాళ్లీ మూగనోము అని.

"చూస్తాను" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ తర్వాత మనిషి జాడ లేదు. దాంతో ఎల్దియార్‌కు అందరిమీదా చిరాగ్గా ఉంది.

"ఎవరిది, మీ అబ్బాయిదా?" అన్నాడు స్క్రీను చూస్తూనే.

ఆవిడ తటపటాయించింది. "ఇంట్లోదే" అంది.

యాభై దాటిన మనిషి. కోటు నిండా దారప్పోగులు. చేతిలో ఓ కాగితం. ఇంట్లో చేసి చూసినవన్నీ పొందిగ్గా రాసుకొచ్చింది. వైరు పీకి మళ్లీ పెట్టింది. పక్క రంధ్రంలో పెట్టి చూసింది. సౌండు పూర్తిగా పెంచింది. వైరు మీది చిన్న మీట అటూ ఇటూ జరిపింది. సెట్టింగుల్లో మైకుకు అనుమతి కూడా ఇచ్చింది.

ఎల్దియార్ ఆ కాగితం చదవలేదు. చదవకుండానే లోపం తెలిసిపోయింది. ఆ హెడ్‌సెట్‌కు పిన్ను ఒక్కటే. పాత కంప్యూటర్లకు వినడానికొక రంధ్రం, మాట్లాడడానికొక రంధ్రం. ఒక పిన్నును రెండుగా చీల్చే జానెడు వైరు మధ్యలో పెడితే చాలు. అలాంటివి అతని సొరుగులో అరడజను పడున్నాయి.

సొరుగు తీయడానికి బద్ధకించాడు. అంతకుమించి కారణం లేదు.

"ఇవన్నీ మీకు చెప్పినా బుర్రకెక్కవు ఎజె. మీ అబ్బాయిని పంపండి, వాడికైతే రెండు ముక్కల్లో చెబుతా."

ఎజె అంటే అక్క. ఆ పిలుపుతోపాటు కూర్చోమని కుర్చీ, తాగడానికి టీ ఇవ్వడం ఆ ఊళ్లో మర్యాద. ఎల్దియార్ పిలుపొక్కటే ఇచ్చాడు.

జట్టులో ఇంకొకడు, సమాత్, పక్కనే కూర్చుని బోర్సోకు నములుతున్నాడు.

"మీరే ఆడతారేమిటి ఎజె? మా జట్టులో ఒక చోటు ఖాళీ అయ్యేలా ఉంది."

క్లబ్బంతా గొల్లుమంది.

ఆవిడ కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. మీకు ఖాళీ అయ్యేదాకా ఉంటానంది. శనివారం దాకా ఖాళీ లేదన్నాడతను. పావుగంటసేపు నిలబడే ఉండి, హెడ్‌సెట్‌ను గుడ్డలో చుట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. బోర్సోకులు వీళ్లిద్దరూ ఖాళీ చేశారు.

మంగళవారం ఆరయింది. తాష్‌బాకా దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఎల్దియార్ నోటికొచ్చినట్టు తిట్టి వాణ్ణి జట్టులోంచి తీసేశాడు. ఇకమీదట వాడేం రాసినా తనకు కనబడకుండా చేసుకున్నాడు. ఆ చోట్లోకి సమాత్ మేనమామ కొడుకు వచ్చాడు. వాడికి మంచి మైకుంది, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

శనివారం ఐదు గొంతులూ రెఫరీలకు గంట కొట్టినట్టు వినబడ్డాయి.

ఇరవై నిమిషాల్లో ఓడిపోయారు. పడినవాడు పడినట్టే ఉన్నాడు, వెనకనుంచి ఎవరూ రాలేదు. కొత్తవాడి అరుపులు మాత్రం చివరిదాకా చెవుల్లో మోగాయి.

ఎల్దియార్‌కు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎవరిమీదైనా చూపించాలి. ఆఖరి రోజుల్లో నట్టేట ముంచినవాణ్ణి కడిగెయ్యాలని, కనబడకుండా దాచిన తాష్‌బాకా సందేశాలు తెరిచాడు.

ఒకటే ఉంది. మంగళవారం ఆరూ పదికి వచ్చింది.

"కోపం తెచ్చుకోకండి పిల్లలూ. నాకు యాభై మూడేళ్లు. కోట్లు కుడతాను. నా గొంతు వింటే మీరు నవ్వుతారని ఇన్నాళ్లూ మైకు జోలికి పోలేదు. నిన్న ధైర్యం చేసి ఒకటి కొన్నాను."

ఎల్దియార్‌కు ఆవిడ కోటు మీది దారప్పోగులు గుర్తొచ్చాయి. ఇంకా రెండు వాక్యాలున్నాయి. అవి చదవకుండా ఉంటే బాగుండుననిపించింది, కానీ చదివాడు.

"బస్టాండు పక్క క్లబ్బుకు తీసుకెళితే, అక్కడి కుర్రాడు మీ అబ్బాయిని పంపమన్నాడు. పంపడానికి నాకు అబ్బాయి లేడు."